వెనక నుంచి వచ్చే ఆ 'టక్' డిఫరెన్షియల్‌ది కాకపోవచ్చు

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. కారు 1966 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు), స్పోక్ వీల్స్‌ది. క్లచ్ వదిలి బండి కదలగానే వెనక నుంచి ఒక 'టక్'. బ్రేకు వేస్తే మళ్లీ ఒక 'టక్'. 30 కిలోమీటర్ల వేగం దగ్గర వెనకే ఎక్కడో 'టిక్, టిక్' అంటూ ఉంటుంది, వేగం పెంచితే అదీ పెరుగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ దగ్గర టికటికలు, ఐదు నిమిషాల్లో సద్దుమణుగుతాయి. ఇవి కాక, తాళం తిప్పగానే, ఇంజన్ ఇంకా స్టార్ట్ కాకముందే, వెనక నుంచి టకటకమని ఏదో కొట్టుకుంటుంది. చూపించిన చోట డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే, ఇరుసు మధ్యలోని గేర్ల గుండు) దించాలన్నారు. ఇంజన్ కూడా పోతుందేమోనని మీకు టెన్షన్.

డిఫరెన్షియల్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మీ మాటల్లోనే ఒక గట్టి సాక్ష్యం ఉంది. బ్రేకు వేసినప్పుడు కూడా 'టక్' అంటోందన్నారు చూడండి, ఆ ఒక్క వాక్యం కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఇంకో మాట కూడా ముందే చెప్పేయాలి. కింద రాసిన చక్రాల పరీక్ష అయ్యేదాకా ఆ బండిని రోడ్డెక్కించకండి. పరీక్షకు కూడా ఖాళీ స్థలంలో నడక వేగం దాటనివ్వకండి. నా అనుమానం నిజమైతే అది శబ్దంతో ఆగే విషయం కాదు.

ముందుగా తేలికైనది తీసేద్దాం. తాళం తిప్పగానే వెనక నుంచి వచ్చే టకటక ఎస్‌యూ ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపుది. ఈ కారులో అది కుడివైపు వెనక చక్రానికి కాస్త ముందు ఉంటుంది. లోపల ఒక డయాఫ్రమ్, దాన్ని లాగే అయస్కాంతపు చుట్ట, కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే పాయింట్లు ఉంటాయి. కార్బురేటర్ గిన్నెలు నిండేదాకా గబగబా కొట్టుకుని, నిండాక మెల్లబడి ఆగిపోతుంది. అలా ఆగిపోతే అది ఆరోగ్యం. ఇంజన్ ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచినప్పుడు ఎంతకీ ఆగకపోతేనే ఆలోచించాలి: పెట్రోలు ఎక్కడో కారుతుండొచ్చు, ఫ్లోట్ గిన్నెలో నీడిల్ వాల్వ్ సరిగ్గా మూయకపోయి ఉండొచ్చు, లేదా పంపు గాలి లాగుతుండొచ్చు. కారుతున్న వాసన వస్తే వెంటనే తాళం తీసేయండి. మీది కొన్ని సెకన్లలో ఆగుతుంటే ఈ శబ్దాన్ని మీ జాబితాలోంచి కొట్టేయండి.

ఇలా ఒకటి విడదీసి చూపించడానికి కారణం ఉంది. పాత బండిలో నాలుగు శబ్దాలు వినబడగానే మనసు వాటన్నిటినీ కలిపి ఒక పెద్ద జబ్బు తయారుచేసుకుంటుంది. మెకానిక్‌కు కూడా అలాగే వర్ణిస్తాం, 'వెనకంతా ఒకటే మోత' అని. అతను అక్కడ కనిపించే అతి పెద్ద వస్తువు పేరు చెబుతాడు. అందుకే ఒక్కో శబ్దాన్ని విడిగా పట్టుకుని, ఇది దేంతో పాటు తిరుగుతోంది అని అడగాలి. ఇంజన్‌తోనా, ప్రొపెల్లర్ షాఫ్ట్‌తోనా (గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు బలం మోసే పొడవాటి కడ్డీ), చక్రంతోనా? ఇవి మూడూ మూడు వేగాల్లో తిరుగుతాయి కాబట్టి శబ్దం ఏ లెక్కలో పడుతుందో చూస్తే సగం పని ఏదీ విప్పకుండానే అయిపోతుంది.

ఆ లెక్క మీ కారుకే వేసి చూపిస్తాను. మీ టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.9 మీటర్లు కదులుతుంది. టైరు మీద సుద్దతో గీత గీసి, ఒక చుట్టు తిరిగేదాకా బండిని తోసి, టేపుతో మీరే కొలుచుకోండి, మీ టైరు సైజును బట్టి కొద్దిగా తేడా ఉంటుంది. గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8.3 మీటర్లు. అంటే చక్రం సెకనుకు నాలుగుసార్లకు కొంచెం పైన తిరుగుతోంది. మీ వెనక ఇరుసులో క్రౌన్, పినియన్‌ల (షాఫ్ట్ కొసనున్న చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్) నిష్పత్తి 3.909. చక్రం ఒక్కసారి తిరిగేలోపు ప్రొపెల్లర్ షాఫ్ట్ దాదాపు నాలుగుసార్లు తిరుగుతుంది. అదే వేగంలో షాఫ్ట్ సెకనుకు 17 చుట్లు వేస్తుందన్నమాట.

సెకనుకు 17 దెబ్బలను మన చెవి విడివిడిగా లెక్కపట్టలేదు, అది 'గర్ర్' మని ఒకే మోతలా కలిసిపోయినట్టు ఉంటుంది. నాలుగు దెబ్బలైతే 'టిక్, టిక్' మని విడివిడిగానే వినబడతాయి. మీరు 30 దగ్గర విడివిడి టిక్కులు వింటున్నానని రాశారు. అంటే ఆ శబ్దం షాఫ్ట్‌ది గానీ పినియన్‌ది గానీ అయ్యే అవకాశం చాలా తక్కువ. చక్రంతో పాటు తిరిగేదేదో మాట్లాడుతోంది.

నిర్ధారించుకోవడం కష్టం కాదు. చదునైన ఖాళీ చోట ఇద్దరు మనుషుల చేత బండిని మెల్లగా తోయించండి, న్యూట్రల్‌లో, ఇంజన్ ఆపి, స్టీరింగ్ లాక్ పడకుండా చూసుకుని. మీరు వెనక చక్రం పక్కనే నడుస్తూ సుద్ద గీతను చూడండి. గీత నేలను తాకిన ప్రతిసారీ ఒక టిక్ వస్తే చక్రం. ఒక చుట్టుకు నాలుగు దాకా వస్తే షాఫ్ట్. తోసేటప్పుడు శబ్దం రాకపోతే ఫోన్‌ను ఒక మేజోడులో పెట్టి వెనక ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి గట్టిగా కట్టి, అదే ఖాళీ చోట నడక వేగంలో నడిపి రికార్డు చేయండి. రెండూ పక్కపక్కన విన్నప్పుడు ఏ వైపు గట్టిగా ఉందో తెలిసిపోతుంది. డ్రైవర్ సీట్లో కూర్చుని దిక్కు నిర్ణయించకండి. ఈ కారులో మీ మోచేతి పక్కనున్న టన్నెల్ (షాఫ్ట్‌ను కప్పే రేకు గుహ) గొట్టంలా పనిచేస్తుంది, వెనక మోత ముందున్నట్టూ, ముందు మోత వెనకున్నట్టూ అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ బ్రేకు 'టక్' సంగతి.

కదిలేటప్పుడు టక్కుమనడానికి కారణాలు బోలెడు. గేరుబాక్సు నుంచి టైరు దాకా ఎక్కడ అరుగుదల ఉన్నా, క్లచ్ వదలగానే ఆ సందంతా ఒక్కసారి మూసుకుంటుంది, టక్కుమంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (దాని కొసల్లోని కీళ్లు) అరిగినా, డిఫరెన్షియల్ లోపల చిన్న గేర్ల వెనకుండే థ్రస్ట్ వాషర్లు అరిగినా, చక్రం స్ప్లైన్లు (చక్రాన్ని తిప్పే నిలువు పళ్లు) అరిగినా బయటికి ఒకే శబ్దం. మీకు చెప్పినవాళ్లు డిఫరెన్షియల్ అన్నది అందుకే. ఈ కార్లలో ఆ వాషర్లు అరగడం మామూలే, కాబట్టి వాళ్ల మాట గాలిలోంచి వచ్చింది కాదు.

కానీ బ్రేకు వేసినప్పుడు బలం వేరే దారిన పోతుంది. బ్రేకు డ్రమ్ము హబ్‌కు (ఇరుసు కొసన చక్రం కూర్చునే భాగానికి) బిగించి ఉంటుంది. మీ స్పోక్ వీల్ ఆ హబ్ మీద పళ్లలో పళ్లు కూర్చున్నట్టు స్ప్లైన్ల మీద కూర్చుని, మధ్యలో ఒక పెద్ద స్పిన్నర్ నట్టుతో ఆగి ఉంటుంది. బ్రేకు హబ్‌ను ఆపుతుంది, చక్రం ముందుకే పోవాలని చూస్తుంది. ఆ పెనుగులాటంతా స్ప్లైన్ల దగ్గరే. బండి న్యూట్రల్‌లో ఉంటే అప్పుడు డిఫరెన్షియల్ మీదా షాఫ్ట్ మీదా చెప్పుకోదగ్గ బరువు పడదు. కాబట్టి న్యూట్రల్‌లో బ్రేకు వేసినా టక్కుమంటే, అది డిఫరెన్షియల్ గొంతు కాదు.

దీనికి పరీక్ష ఇలా. ఎవరూ లేని చదునైన చోట నడక వేగంలో పోతూ న్యూట్రల్‌లోకి తేండి. ముందు హ్యాండ్‌బ్రేకును, బటన్ నొక్కిపట్టుకుని, మెల్లగా లాగి ఆపండి. హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల మీదే పనిచేస్తుంది. టక్కుమందా? అయితే వెనక చక్రాల్లోనో, ఇరుసును కమాన్ పట్టీలకు బిగించే చోటో ఉంది. హ్యాండ్‌బ్రేకుకు రాకుండా కాలి బ్రేకుకే వస్తే ముందు చక్రాలను అనుమానించాలి. తర్వాత రివర్స్‌లో వెనక్కి పోతూ న్యూట్రల్ చేసి అలాగే ఆపండి. ముందుకు పోతూ ఒకసారి బ్రేకు వేశాక, మళ్లీ ముందుకే పోతూ మెల్లగా బ్రేకు వేస్తే శబ్దం రాకుండా, దిశ మార్చినప్పుడు మాత్రం కచ్చితంగా వస్తుంటే, ఎక్కడో ఒక సందు ఉంది, అది ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దొర్లుతోంది అని అర్థం.

నేను ఈ పాఠం నేర్చుకున్న బండి కూడా ఇదే రకం, ఇదే రంగు స్పోకులు. చాలా ఏళ్ల కిందట, ఒక స్నేహితుడిది. కదిలేటప్పుడు టక్కుమంటోందని తెస్తే, నేను క్రాస్‌లు చూశాను, బాగానే ఉన్నాయి. ఇంకేముంది, డిఫరెన్షియలే అనుకున్నాను. రెండు హాఫ్ షాఫ్టులూ (ఇరుసు లోపల ఒక్కో చక్రాన్ని తిప్పే కడ్డీలు) లాగి, ముందు వైపు నుంచి క్యారియర్ (డిఫరెన్షియల్ గేర్లు కూర్చున్న చట్రం) దించి, థ్రస్ట్ వాషర్లు మార్చి, నూనె పోసి, రెండు వారాల తర్వాత బండి దించాం. మొదటి మలుపు దగ్గర బ్రేకు వేశాడు. టక్. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ సాయంత్రం ఊరికే నిలబడలేక, స్పిన్నర్ మీద నుంచి చక్రం మధ్య భాగం మీదికి సుద్దతో ఒకే నిలువు గీత గీసి, అలా ఒక చుట్టు తిరిగి వచ్చాం. ఎడమవైపు గీత అలాగే ఉంది. కుడివైపు గీత రెండు ముక్కలై, ఒకదానికొకటి వేలెడు దూరంలో నిలబడి ఉంది. స్పిన్నర్ తీసి చక్రం లాగితే ఇటుకపొడి లాంటి ఎర్రటి పొడి నేల మీద రాలింది. హబ్ మీద స్ప్లైన్లు రంపపు పళ్లలా కోసుగా తేలిపోయి ఉన్నాయి. ఆ చక్రం మీద అతను రోజూ పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాడు. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. అప్పటి నుంచి స్పోక్ వీల్స్ ఉన్న ఏ బండి వచ్చినా, ఏ ఫిర్యాదుతో వచ్చినా, చక్రాలు తీసి చూడకుండా ఇరుసు జోలికి పోలేదు.

మీరు చేయాల్సింది కూడా అదే. ముందు చక్రాలకు గట్టి అడ్డాలు పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి, యాక్సిల్ స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద తల పెట్టొద్దు. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగండి. టైరును రెండు పక్కలా పట్టుకుని స్టీరింగ్ తిప్పినట్టు ముందుకూ వెనక్కూ బలంగా ఊపండి. ఇంకొకరు లోపలి వైపు నుంచి ఒక వేలు డ్రమ్ము మీద, ఇంకో వేలు స్పోకుల మొదట్లో పెట్టి ఉంచాలి. డ్రమ్ము కదలకుండా చక్రం మాత్రం కదిలితే కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. స్పిన్నర్ బిగువుగా ఉంటే ఈ అరుగుదలను కొంత దాచిపెడుతుంది. అందుకని స్పిన్నర్‌ను కాస్త వదులు చేసి మళ్లీ ఊపి చూడండి. మంచి స్ప్లైన్లయితే అప్పుడు కూడా తిప్పే దిశలో దాదాపు ఏమీ ఆడదు.

తర్వాత చక్రం పూర్తిగా తీసి, గుడ్డతో తుడిచి, మంచి వెలుతురులో పళ్లను చూడండి. తల బల్లపరుపుగా, రెండు పక్కలూ సమానంగా ఉంటే బతికినట్టే. కోసుగా అయితే, లేదా ఒక పక్క మాత్రమే అరిగి వాలిపోయి ఉంటే, మార్చాల్సిందే. ఎర్రటి పొడి ఉంటే ఇనుము మీద ఇనుము పొడిగా రాసుకుంటోందని అర్థం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, కొత్త చక్రం కొని పాత హబ్ మీద ఎక్కించడం. అరిగిన హబ్ కొత్త చక్రాన్ని కూడా తనలాగే అరగదీస్తుంది. రెండూ కలిపే మార్చండి. స్ప్లైన్లు బాగుండి స్పిన్నర్ మాత్రమే వదులైతే, శుభ్రం చేసి, పళ్లకూ మరలకూ పల్చగా గ్రీజు రాసి, రాగి సుత్తితో బిగించి, కాస్త దూరం నడిపాక మళ్లీ ఒకసారి బిగింపు చూసుకోండి.

చక్రం చేతిలో ఉన్నప్పుడే స్పోకులు కూడా చూసేయండి. చిన్న స్పానర్‌తో ఒక్కో స్పోకును తట్టుకుంటూ పోండి, కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మూగగా పలుకుతుంది. మీ 30 దగ్గరి టిక్‌కు ఒక వదులు స్పోకు కూడా చాలు, చక్రం తిరిగిన ప్రతిసారీ బరువు దాని మీదికి వచ్చినప్పుడల్లా ఒక టిక్. టైరు గాడిలో ఇరుక్కున్న రాయి కూడా అచ్చం అలాగే పలుకుతుంది. అది ముందే చూడండి, ఎందుకంటే ఒక్క నిమిషం పని.

స్పిన్నర్ విషయంలో ఇంకొకటి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎడమవైపు హబ్‌కూ కుడివైపు హబ్‌కూ మరలు వేరువేరు దిశల్లో ఉంటాయి. ఎడమవైపు మామూలు మర, కుడివైపు ఎదురు మర. సరిగ్గా ఉంటే ప్రతి స్పిన్నరూ బండి ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే దిశలో కొడితే ఊడుతుంది, ఎదురు దిశలో కొడితే బిగుస్తుంది. ఊడే దిశ ఏదో స్పిన్నర్ మీదే బాణం గుర్తుతో పోతపోసి ఉంటుంది. చక్రం, స్పిన్నర్ల మధ్య బండి నడుస్తున్నప్పుడు పుట్టే సన్నని జరుగుడు స్పిన్నర్‌ను బిగించే వైపుకే నెట్టాలని అలా తయారుచేశారు. ఎప్పుడో బేరింగులు మార్చినవాళ్లు హబ్‌లను అటూ ఇటూ మార్చి బిగించేస్తే అదే జరుగుడు నట్టును విప్పుతూ పోతుంది. మీ బండి ఎన్నో చేతులు మారి వచ్చింది కాబట్టి నాలుగు చక్రాల దగ్గరా దిశ సరిచూడండి.

చక్రాలు నాలుగూ నిర్దోషులని తేలితే అప్పుడు ఇరుసు బిగింపులు. ఇరుసును కమాన్ పట్టీలకు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైతే, వాటి మధ్య రబ్బరు ప్యాడ్లు నలిగిపోతే, కదిలినప్పుడు ఇరుసు ఒకవైపు, బ్రేకుకు ఇంకోవైపు జరుగుతుంది. శబ్దం టక్ కంటే కాస్త మెత్తగా, బరువుగా, 'ఢబ్' అన్నట్టు ఉంటుంది. పట్టీ, ఇరుసు కలిసేచోట మట్టి మీద మెరిసే గీతలు పడి ఉంటాయి. షాక్ అబ్జార్బర్ లింకుల బుష్‌లు కూడా అప్పుడే చేత్తో పట్టి చూడండి, కాకపోతే వాటి శబ్దం గతుకుల్లో ఎక్కువ వస్తుంది.

క్రాస్‌ల సంగతి. బండి స్టాండ్ల మీద, గేరు న్యూట్రల్‌లో ఉండగా, క్రాస్‌కు ఇటు ఒక చెయ్యి అటు ఒక చెయ్యి వేసి ఎదురెదురుగా మెలి తిప్పండి. మొత్తం షాఫ్ట్ కొంచెం ఆడటం తప్పు కాదు, అది అవతలి గేర్ల సందు. క్రాస్‌కూ దాన్ని పట్టుకున్న కొమ్ముకూ మధ్య ఆడితేనే తప్పు. కప్పుల అంచుల్లో ఎర్రటి పొడి ఉంటే గ్రీజు ఎండి చాలా కాలమైందని అర్థం. ఎండిన క్రాస్ మెల్లగా పోయేటప్పుడు పిచ్చుక కిచకిచలాడినట్టు అరుస్తుంది కూడా. మీరు అలాంటిదేమీ రాయలేదు.

ఇక మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్న ఇంజన్. స్టార్ట్ చేయగానే టికటికమని, వేడెక్కాక సద్దుమణిగే శబ్దానికి నా మొదటి అనుమానం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను బయటికి తీసుకెళ్లే ఇనుప గొట్టాల కూర్పు) లీకు. చల్లగా ఉన్నప్పుడు గ్యాస్కెట్ దగ్గర సన్నటి సందు ఉంటుంది, పేలిన పొగ అందులోంచి చిమ్ముతూ టిక్కుమంటుంది, ఇనుము వేడెక్కి వ్యాకోచించగానే ఆ సందు మూసుకుంటుంది. ఇది ట్యాపెట్ శబ్దానికి, అంటే వాల్వులను నొక్కే భాగాల టికటికకు, కవల లాంటిది. లయ కూడా ఒకటే. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ 400 సార్లు తెరుచుకుంటుంది, ఒక్కో సిలిండర్ పొగ వదిలేదీ 400 సార్లే. కాబట్టి లెక్కపెట్టి తేల్చలేరు, చోటు పట్టుకోవాలి. అర మీటరు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డ్ కీలు పొడవునా మెల్లగా జరపండి. లీకు ఉన్నచోట టిక్ కాస్తా 'చుఫ్ చుఫ్' మని గాలి ఊదినట్టు వినబడుతుంది. నల్లటి మసి మరక కూడా కనిపించొచ్చు. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, చొక్కా చేతులు, గొలుసులు, కండువాలు దాని దరిదాపుల్లోకి రానివ్వకండి. బిగించేది మాత్రం ఇంజన్ చల్లారాకే. ఈ ఇంజన్‌లో లోపలికి పోయే మానిఫోల్డునూ బయటికి వచ్చేదాన్నీ ఒకే స్టడ్లు, మందమైన వాషర్లతో కలిపి పట్టుకుంటాయి. ఒక నట్టును పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకుండా, కొంచెం కొంచెంగా అన్నీ తిరుగుతూ బిగించండి.

లీకు లేకపోతే ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు. చల్లటి ఇంజన్ మీద 0.38 మిల్లీమీటర్లు, పాత పుస్తకాల లెక్కలో 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). ముందు నుంచి వెనక్కి వాల్వులకు 1 నుంచి 8 దాకా నంబర్లు వేసుకోండి. పూర్తిగా తెరుచుకుని ఉన్న వాల్వ్ నంబరుకూ మీరు కొలవాల్సిన దాని నంబరుకూ మొత్తం 9 రావాలి. ఎనిమిదోది తెరిచి ఉంటే ఒకటోది కొలవాలి, ఆరోది తెరిచి ఉంటే మూడోది. ప్లగ్గులు తీసి, టాప్ గేరులో వేసి బండిని తోస్తే ఇంజన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. గ్యాప్ సరిగ్గానే ఉన్నా టిక్ పోకపోతే రాకర్ చివర గుంట పడి ఉండొచ్చు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) ఆ గుంట మీద వంతెనలా నిలబడి సరైన గ్యాప్ చూపినట్టే చూపిస్తుంది, నిజం గ్యాప్ అంతకంటే ఎక్కువ ఉంటుంది.

నిజంగా భయపడాల్సిన శబ్దం వేరు. అది టిక్ కాదు, లోతుగా, బరువుగా, నూనె ట్యాంకు మీద పిడికిలితో గుద్దినట్టు 'ఢగ్ ఢగ్' అంటుంది. వేడెక్కేకొద్దీ తగ్గదు, పెరుగుతుంది. అది బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ కడ్డీ కింది కొసను క్రాంక్‌కు కలిపేది) కావొచ్చు. మీ ఆయిల్ ప్రెషర్ గేజ్ చూడండి: నడుస్తున్నప్పుడు చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్లు, వేడి ఇంజన్ ఐడిలింగ్‌లో 10 నుంచి 25 పౌండ్లు ఉంటే ఈ ఇంజన్‌కు మామూలే. ఆ బరువైన దెబ్బ వినబడి, గేజ్ కూడా కిందికి దిగుతుంటే అక్కడే ఆపి, లాగించుకుని ఇంటికి తెచ్చుకోండి. మీ వర్ణనలో అది లేదు. వేడెక్కితే తగ్గే శబ్దం సాధారణంగా ఇంజన్ పోయే శబ్దం కాదు, ఆ టెన్షన్ వదిలేయండి.

మొదటి గేరులో, రివర్స్‌లో 'గుయ్' మని ఈల వేస్తుందా అని మీరు అడగలేదు, కానీ రేపో మాపో అడుగుతారు. మీ గేరుబాక్సులో మొదటి గేరుకు సింక్రో (గేర్ల వేగాలను కలిపి మెత్తగా పడనిచ్చే ఏర్పాటు) లేదు, దాని పళ్లు నిటారుగా కోసినవి. అవి కొత్తలోనూ ఈల వేసేవే.

ఒక్క పరీక్ష, ఒక్క మార్పు, మళ్లీ ఒకసారి వినడం, ఆ క్రమం తప్పకండి. ఒకేరోజు స్పిన్నర్లు, యూ బోల్టులు, క్రాస్‌లు అన్నీ బిగించేస్తే శబ్దం పోయినా ఏది దోషో తెలియదు, నెల తర్వాత తిరిగి వస్తే మళ్లీ మొదటికే వస్తారు. ఒక కాగితం మీద వేగం, గేరు, చల్లగానా వేడిగానా, యాక్సిలరేటర్ మీద కాలుందా లేదా, ఇవి రాసుకుంటూ పోండి.

ఇవన్నీ చేశాక బ్రేకు 'టక్' పోయి, కదిలేటప్పటి 'టక్' మాత్రం మిగిలితే, అప్పుడు డిఫరెన్షియల్ వంతు. ఒక వెనక చక్రం నేల మీద, ఇంకోటి గాలిలో, బండి గేరులో, ఇంజన్ ఆపి ఉంచి, గాలిలో ఉన్న చక్రాన్ని అటూ ఇటూ తిప్పండి. ఈ స్థితిలో పొరపాటున కూడా ఇంజన్ స్టార్ట్ చేయకండి, నేల మీదున్న చక్రం బండిని స్టాండ్ల మీంచి తోసేయొచ్చు. కొంత ఆట ఎప్పుడూ ఉంటుంది. క్రాస్‌లు గట్టిగా ఉండి, స్ప్లైన్లు గట్టిగా ఉండి, అయినా చక్రం చాలా దూరం ఊరికే తిరిగి లోపల ఇరుసు గుండులో టక్కుమని తగిలితే థ్రస్ట్ వాషర్లే. మీ 1966 బండిలో ఉన్నది పాత రకం బాంజో ఇరుసు. హాఫ్ షాఫ్టులు లాగితే క్యారియర్ ముందుకు వచ్చేస్తుంది, ఇరుసు మొత్తం దించనక్కర్లేదు. క్రౌన్, పినియన్‌ల జోలికి పోకుండా వాషర్లు మాత్రమే మార్చమని పని ఇచ్చేటప్పుడే చెప్పండి. పళ్లు బాగుంటే వాటి అమరికను కదిపించకండి, ఇప్పటిదాకా లేని ఈల కొత్తగా మొదలయ్యేది అక్కడే.